ఏ జట్టూ నాది కానప్పుడు ఫుట్‌బాల్‌లో ఏం చూడాలి?

మీరు అడిగినదాంట్లో రెండు సంగతులున్నాయి. ఫుట్‌బాల్ ఇష్టమే అయినా ఏ ఒక్క జట్టు మీదా మనసు నిలవడం లేదని, "జట్టు లేనివాడు అభిమానే కాదు" అని చుట్టూ ఉన్నవాళ్లు అంటుంటే నిజమేనేమో అనిపిస్తోందని అన్నారు. ఎవరు గెలిచినా ఒకటే అనిపించడం వల్ల అరగంట దాటేసరికి ధ్యాస ఫోన్ మీదికి పోతోందనీ రాశారు. మొదటిదానికి జవాబు చిన్నది. రెండోదానికి కాస్త ఓపిగ్గా చెప్పాలి.

అభిమానికి జట్టు ఉండి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. చాలామందికి జట్టు ఇంట్లోంచో పెరిగిన చోటు నుంచో వస్తుంది. అలా రానివాళ్లు టీవీ ముందు కూర్చుని ఒకదాన్ని ఎంచుకోవాలని చూస్తే, ఆ ఏడు ఎవరు గెలుస్తుంటే వాళ్ల మీదే చెయ్యి పడుతుంది. ఆ జట్టు వరుసగా రెండు సీజన్లు ఓడిందంటే ఆ ఇష్టం కూడా పోతుంది. అలాంటి మొక్కుబడి అభిమానం కన్నా మీరున్న చోటే నయం. నేను దశాబ్దాలుగా ఈ ఆటను ఇలాగే చూస్తున్నాను. పిల్లల జట్లకు శిక్షణ కూడా ఇచ్చాను. ఇప్పటికీ రిఫరీ విజిల్ ఊదే ముందు నాకు ఉత్సాహంగానే ఉంటుంది.

ఇక రెండోది. జట్టు లేకపోవడం వేరు, పట్టింపు లేకపోవడం వేరు. ఫుట్‌బాల్‌లో గోల్స్ చాలా తక్కువ. 1990 ప్రపంచ కప్‌లో 52 మ్యాచ్‌లకు కలిపి వచ్చినవి 115 గోల్స్, అంటే మ్యాచ్‌కు రెండు చిల్లర. మిగతా సమయమంతా ఎదురుచూపే. జట్టున్న అభిమానికి ఆ ఎదురుచూపంతా భయంతోనో ఆశతోనో నిండి ఉంటుంది. బంతి మైదానం మధ్య గీత దాటితే చాలు, గుండె వేగం పెరుగుతుంది. మీకు ఆ భయం లేదు కాబట్టి ఆ ఖాళీని ఇంకొకదానితో నింపాలి. నా అనుభవంలో దాన్ని అన్నిటికన్నా బాగా నింపేది ఒక ప్రశ్న. మ్యాచ్ మొదలయ్యే ముందే ఒకటి పెట్టుకోండి, తొంభై నిమిషాలూ దాని జవాబు కోసం చూడండి.

ఎలాంటి ప్రశ్న అంటే, ఉదాహరణకు ఇది: ఈ జట్టు తన గోల్‌కీపర్ దగ్గర్నుంచి బంతిని ఎలా బయటికి తెస్తుంది? వినడానికి చప్పగా ఉంటుంది కానీ ఈనాటి ఆటలో సగం కథ అక్కడే ఉంది. 1990 ప్రపంచ కప్‌లో సమయం గడపడానికి డిఫెండర్లు బంతిని వెనక్కి తన్నడం, గోల్‌కీపర్ చేతుల్లోకి తీసుకోవడం, మళ్లీ వాళ్లకే ఇవ్వడం చూసి చూడ్డానికి వచ్చినవాళ్లు విసిగిపోయారు. ఆ విసుగులోంచే 1992లో కొత్త నియమం వచ్చింది. సొంత జట్టువాడు కావాలని కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదు. అప్పట్నుంచి గోల్‌కీపర్లు కాళ్లతో ఆడటం నేర్చుకోక తప్పలేదు. 2019లో ఇంకో మార్పు జరిగింది. గోల్ కిక్ (గోల్ ముందు నుంచి బంతిని తన్ని ఆటను మళ్లీ మొదలుపెట్టడం) తీసుకున్నప్పుడు బంతి పెనాల్టీ ఏరియా (గోల్ ముందు గీసిన పెద్ద పెట్టె) దాటక ముందే సొంత ఆటగాడు అందుకోవచ్చన్నారు. దాంతో డిఫెన్స్ మధ్యలో ఆడే ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు వచ్చి గోల్‌కీపర్‌కు చెరో పక్కన నిలబడటం మామూలైపోయింది.

ఈసారి ఆ దృశ్యం వచ్చినప్పుడు బంతిని చూడకండి. పెనాల్టీ ఏరియా అంచున కాచుకుని ఉన్న అవతలి ఫార్వర్డ్‌లను చూడండి. సెంటర్ బ్యాక్ కాలి కింద బంతి పెట్టుకుని కదలకుండా నిలబడతాడు. అలసట వల్లో భయం వల్లో అనుకుంటాం, నిజానికి అది ఎర. "రా, నా మీదికి రా" అని పిలవడం అన్నమాట. ఫార్వర్డ్ ఉండబట్టలేక పరుగెత్తుకొస్తే అతని వెనక ఎవరో ఒకరు ఖాళీ అవుతారు. ఆ ఖాళీ అయినవాడికి బంతి చేరితే నాలుగైదు సెకన్లలో ఆట మొత్తం అవతలి గోల్ వైపు తిరిగిపోతుంది. చేరకపోతే సొంత గోల్ ముందే ప్రమాదం. ఈ క్షణంలో ఆ జట్టు అభిమానులు "బంతిని బయటికి తన్నెయ్యిరా బాబూ" అని తల పట్టుకుని కూర్చుంటారు. ఎవరు ముందు కదిలారు, ఎవరి వెనక చోటు తెరుచుకుంది అని తీరిగ్గా చూడగలిగేది మీరే.

ఇంకో అలవాటు చెబుతాను, దీన్ని నేను అందరికీ చెబుతుంటాను. ఒక్క పది నిమిషాల పాటు బంతిని వదిలేసి ఒక్క ఆటగాడినే చూడండి. డిఫెన్స్‌కు ముందు నిలబడే మిడ్‌ఫీల్డర్‌తో మొదలుపెట్టండి. మంచి మిడ్‌ఫీల్డర్ అయితే బంతి ఇంకా పదిహేను గజాల దూరంలో ఉండగానే తల ఎడమకు తిప్పుతాడు, కుడికి తిప్పుతాడు, మళ్లీ వెనక్కి చూస్తాడు. బంతి కాలికి తగిలే సమయానికి అతని ఒళ్లు అప్పటికే పక్కకు తిరిగి ఉంటుంది. వెనక నుంచి ఎవరొస్తున్నారో, ముందు ఎవరు ఖాళీగా ఉన్నారో ముందే తెలుసు కాబట్టి ఒక్క టచ్‌తో పని అయిపోతుంది. బార్సిలోనాకు, స్పెయిన్‌కు ఆడిన సెర్జియో బుస్కెట్స్ పాత మ్యాచ్ ఏదైనా దొరికితే చూడండి. అతను వేగంగా పరుగెత్తడు, గోల్స్ కొట్టడు, ముఖ్యాంశాల వీడియోల్లో దాదాపు కనిపించడు. పది నిమిషాలు అతన్నే చూశారంటే మాత్రం మిగతా పదిమందీ ఎందుకంత సుఖంగా ఆడుతున్నారో తెలిసిపోతుంది. పిల్లలకు నేర్పేటప్పుడు అన్నిటికన్నా కష్టమైంది ఈ తల తిప్పడమే. బంతి వస్తుంటే దాని మీంచి కళ్లు తీయడానికి ఎవరికీ మనసొప్పదు.

ఇక్కడ టీవీతో ఒక చిక్కుంది. కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుంది, మీరు చూడాలనుకున్నవాడు తెర బయట ఉండిపోతాడు. అందుకే వీలైతే అప్పుడప్పుడూ మైదానానికే వెళ్లి చూడండి, అది ఎంత చిన్న స్థాయి మ్యాచైనా సరే. గోల్ వెనక కాకుండా పక్కన, వీలైనంత పైన కూర్చోండి. ఇరవై రెండుమందీ ఒకేసారి కనిపిస్తే, పక్కన ఆడే డిఫెండర్, అంటే ఫుల్‌బ్యాక్, ముందుకు పోగానే మిగతా ముగ్గురు డిఫెండర్లు ఎటు జరుగుతారో ఒక్క అరగంటలో మీ కళ్లకు అలవాటవుతుంది. ఆ తర్వాత టీవీలో చూస్తున్నా తెర బయట ఏం జరుగుతోందో ఊహించగలుగుతారు.

ఏ మ్యాచ్ చూడాలన్నది మరో పెద్ద సంగతి. జట్టున్నవాళ్లు వాళ్ల జట్టు ఆడే మ్యాచ్‌లన్నీ చూడాల్సిందే, సీజన్ మధ్యలో వచ్చే నీరసమైన డ్రాలతో సహా. మీకా నిర్బంధం లేదు. ఫలితం మీద చాలా ఆధారపడి ఉన్న మ్యాచ్‌లు ఏరుకోండి. పేరున్న రెండు జట్లు తలపడుతున్నాయని చూడటం కాదు, అటో ఇటో తేలిపోయే రోజు కావాలి. నాకౌట్‌లో రెండో లెగ్ (అవే రెండు జట్లు ఆడే రెండో మ్యాచ్), లీగ్ చివరి రోజు, పట్టిక అడుగున ఉండి కింది డివిజన్‌కు పడిపోకుండా ఇద్దరు పోరాడే మ్యాచ్. ఆటగాళ్లకు అది ప్రాణం మీదికి వచ్చిన రోజు కాబట్టి మీ పట్టింపు లేని లోటు వాళ్లే తీరుస్తారు.

2022 ప్రపంచ కప్‌లో 'E' గ్రూపు చివరి రోజు నాకు ఎప్పటికీ గుర్తుండిపోతుంది. జట్టు లేనివాడికి అంతకు మించిన రాత్రి దొరకదు. స్పెయిన్, జపాన్ ఒక మైదానంలో, జర్మనీ, కోస్టా రికా మరో మైదానంలో, ఒకే సమయానికి ఆడుతున్నాయి. విరామానికి స్పెయిన్, జర్మనీ చెరో గోల్ ఆధిక్యంలో ఉన్నాయి, అప్పటి లెక్కలో ఆ రెండే ముందుకెళతాయి. విరామం అయిన ఆరు నిమిషాల్లో జపాన్ రెండు గోల్స్ కొట్టింది. రెండో గోల్‌కు ముందు బంతి గీత దాటిపోయిందనే అందరం అనుకున్నాం. బంతి వంపు ఇంకా గీత మీదే ఉందని వీడియో రిఫరీలు తేల్చారు. అంతే, జర్మనీ గెలుస్తూనే బయటికి పోయే స్థితిలో పడింది. 70వ నిమిషంలో కోస్టా రికా రెండో గోల్ కొట్టి 2-1 ఆధిక్యంలోకి వచ్చింది. తొలి మ్యాచ్‌లో స్పెయిన్ చేతిలో 0-7తో ఓడిన జట్టది! ఆ క్షణానికి జపాన్, కోస్టా రికా లోపల, స్పెయిన్, జర్మనీ రెండూ బయట. మూడు నిమిషాలకే జర్మనీ సమం చేసింది, చివరికి 4-2తో గెలిచింది కూడా. అయినా ఇంటికి పోయింది. స్పెయిన్ ఓడి కూడా ముందుకెళ్లింది.

ఆ రాత్రి నాలుగు జట్లూ ఏదో ఒక నిమిషంలో లోపల ఉన్నాయి, ఏదో ఒక నిమిషంలో బయట ఉన్నాయి. స్పెయిన్ ఇంకో గోల్ కొట్టి ఉంటే గోల్ తేడాతో జర్మనీ బతికేది, కాబట్టి జర్మనీ అభిమాని తమ మ్యాచ్ చూస్తూనే స్పెయిన్ గోల్ కోసం మొక్కుకోవాల్సి వచ్చింది. నలుగురి ఆశలనూ ఒకేసారి పట్టుకుని చూడగలిగింది ఏ జట్టూ లేనివాళ్లే. రెండు మ్యాచ్‌లు ఒకే సమయానికి ఎందుకు పెడతారో కూడా తెలుసుకుంటే బాగుంటుంది. 1982 ప్రపంచ కప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తమ చివరి గ్రూప్ మ్యాచ్ ఆడేనాటికి అదే గ్రూపులోని అల్జీరియా మ్యాచ్‌లన్నీ అయిపోయాయి. జర్మనీ 1-0తో గెలిస్తే రెండు జట్లూ ముందుకెళతాయని ఇద్దరికీ తెలుసు. పదో నిమిషంలో గోల్ పడింది. ఆ తర్వాత ఎవరూ మనసుపెట్టి ఆడలేదు. తొలి మ్యాచ్‌లో పశ్చిమ జర్మనీనే ఓడించిన అల్జీరియా అన్యాయంగా ఇంటికి పోయింది. 1986 నుంచి గ్రూపుల్లో చివరి మ్యాచ్‌లు ఒకేసారి ఆడిస్తున్నారు.

లీగుల్లో అయితే పట్టిక పై భాగం కన్నా కింది భాగమే నాకు ఎక్కువ ఆసక్తి. 2012 మే 13న మాంచెస్టర్ సిటీ తొంభై నిమిషాల తర్వాత కలిపిన కాసేపట్లో రెండు గోల్స్ కొట్టి 3-2తో గెలిచి ఇంగ్లండ్ లీగ్ ఎగరేసుకుపోయింది. సిటీ ఫార్వర్డ్ అగ్వేరో కొట్టిన ఆ చివరి గోల్ ఎందరు ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. ఆ మ్యాచ్‌లో ఓడిన క్వీన్స్ పార్క్ రేంజర్స్ సంగతి మాత్రం చాలామంది మర్చిపోయారు. పదిమందితో ఆడుతూ 2-1 ఆధిక్యంలోకి వెళ్లి, ఆఖరి క్షణాల్లో ఓడి, అయినా కింది డివిజన్‌కు పడకుండా బతికిపోయింది. ఎందుకంటే అదే సమయానికి మరోచోట బోల్టన్ గెలవలేక డ్రా చేసుకుంది. ఒకే విజిల్‌కు రెండు జట్లూ సంబరపడిన రోజది.

మ్యాచ్‌ల మధ్య తెగిపోకుండా ఒక దారం కావాలంటే ఒక కోచ్‌నో ఒక ఆలోచననో వెంబడించండి. జట్టు మీద నిలవని మనసు వీటి మీద బాగా నిలుస్తుంది. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. 1980ల చివర్లో ఇటలీలో అర్రిగో సాక్కి అనే కోచ్ ఏసీ మిలాన్‌ను విచిత్రంగా ఆడించాడు. ఆయన స్వయంగా ప్రొఫెషనల్ ఆటగాడు కాదు. చివరి డిఫెండర్‌కూ మొదటి ఫార్వర్డ్‌కూ మధ్య దూరం పాతిక మీటర్లు దాటకూడదనేవాడు. ప్రత్యర్థికి ఊపిరాడకుండా అందరూ కలిసి ముందుకు తోసుకుపోవాలి. బంతి లేకుండానే జట్టంతా ఒక్కటిగా కదిలేలా సాధన చేయించేవాడు. 1989లో, 1990లో మిలాన్ యూరోపియన్ కప్ గెలిచింది. కొన్నేళ్ల తర్వాత జర్మనీ రెండో డివిజన్‌లో మైంజ్ అనే చిన్న క్లబ్‌కు వోల్ఫ్‌గాంగ్ ఫ్రాంక్ కోచ్‌గా వచ్చి, సాక్కి మిలాన్ వీడియోలు చూపించి తన ఆటగాళ్లకు అదే పద్ధతి నేర్పాడు. ఆ ఆటగాళ్లలో ఒకడు యుర్గెన్ క్లాప్. 2001లో అతనే మైంజ్ కోచ్ అయ్యాడు. తర్వాత డోర్ట్‌మండ్‌తో 2011, 2012ల్లో జర్మనీ లీగ్, లివర్‌పూల్‌తో 2019లో ఛాంపియన్స్ లీగ్, 2020లో ఇంగ్లండ్ లీగ్ గెలిచాడు. మిలాన్ మ్యాచ్ ఒకటి, క్లాప్ లివర్‌పూల్ మ్యాచ్ ఒకటి వరుసగా చూడండి. ముప్ఫై ఏళ్ల తేడా, జెర్సీలు వేరు, దేశం వేరు. బంతి పోగానే నలుగురు ఒక్కసారి మీద పడే తీరు మాత్రం ఎక్కడో చూసినట్టే ఉంటుంది. ఏదో ఒక జట్టుకే కట్టుబడినవాళ్లకు ఈ ప్రయాణంలో ఒక్క మజిలీయే తమది.

ఇలా చూడటంలో ఇంకో సుఖం ఉంది. 2023-24లో షాబీ అలోన్సో శిక్షణలో లెవర్కూసెన్ జర్మనీ లీగ్‌లో 34 మ్యాచ్‌లూ ఓటమి లేకుండా ముగించింది. ఓడిపోతారనుకున్న మ్యాచ్‌లను ఆఖరి నిమిషాల్లో ఎన్నిసార్లు కాపాడుకున్నారో! ఆ సీజనంతా వాళ్లను ఆనందంగా చూశాను. అదే సీజన్‌లో ఇటలీ జట్టు అటలాంటాను కూడా చూశాను. వాళ్ల అప్పటి కోచ్ గాస్పెరిని మైదానమంతటా మనిషికి మనిషిని అంటగట్టి ఆడించేవాడు, ఎవరి ప్రత్యర్థిని వాళ్లు ఎక్కడికైనా వెంబడించాల్సిందే. మే 22న డబ్లిన్‌లో యూరోపా లీగ్ ఫైనల్‌లో ఈ రెండూ ఎదురుపడ్డాయి. అటలాంటా ఫార్వర్డ్ లుక్‌మన్ మూడు గోల్స్ కొట్టాడు, అటలాంటా 3-0తో గెలిచింది, 51 మ్యాచ్‌లుగా ఓడని లెవర్కూసెన్ ఆ రాత్రి ఓడింది. సీజనంతా తీరిగ్గా బంతి తిప్పుకున్న జట్టుకు తల ఎత్తే సందు కూడా లేకుండా పోయింది. ప్రేమగా చూసినవాళ్లు ఓడినందుకు బాధేసింది, ఎలా ఓడారో కళ్లారా చూసినందుకు అంతే తృప్తి కలిగింది.

మ్యాచ్ వరకు ఒక పక్షం తీసుకోవచ్చా అంటే నిరభ్యంతరంగా తీసుకోండి. ఆఖరి విజిల్‌తో వదిలేయండి. సాధారణంగా అందరూ బలహీనమైన జట్టు వైపు మొగ్గుతారు, నేను మాత్రం దాన్ని నియమంగా పెట్టుకోవద్దంటాను. బలహీనుడు గెలవాలంటే చాలాసార్లు ఆటకు తలుపులు మూసేయాలి. 2004 యూరో కప్‌లో గ్రీస్ క్వార్టర్ ఫైనల్, సెమీ ఫైనల్, ఫైనల్ మూడూ 1-0తోనే గెలిచింది, మూడు గోల్సూ తలతో కొట్టినవే. గోల్స్ కోసం చూసినవాళ్లు ఇప్పటికీ దాన్ని చప్పటి టోర్నీ అంటారు. ఒట్టో రేహాగెల్ శిక్షణలో ఆ డిఫెండర్లు తమకన్నా ఎంతో పేరున్న ఫార్వర్డ్‌లకు చోటివ్వకుండా ఎలా ఆడారన్నది చూసినవాళ్లకు మాత్రం అదో పాఠం. మీరు ఏం చూడటానికి కూర్చున్నారన్న దాన్ని బట్టి పక్షం ఎంచుకోండి.

రెండు విషయాల్లో జాగ్రత్త. ఆసక్తి రావడానికి డబ్బు పందెం కాసే అలవాటు చేసుకోవద్దు. ఆసక్తి నిజంగానే వస్తుంది కానీ చూపంతా స్కోరు మీదికి కుంచించుకుపోతుంది, ఆట కనిపించడం మానేస్తుంది. డబ్బు పోవడం సరేసరి. అలాగే గోల్స్ మాత్రమే చూపించే చిన్న వీడియోలతో సరిపెట్టుకోవద్దు. గోల్ చూడాలనిపిస్తే దానికి అర నిమిషం ముందు నుంచి చూడండి. చాలా గోల్స్ అవతలి చివర ఎవరో త్రో ఇన్ కోసం తొందరపడినప్పుడో, ఒక మిడ్‌ఫీల్డర్ రెండడుగులు ఆలస్యంగా వెనక్కి వచ్చినప్పుడో మొదలవుతాయి.

మనకు దక్కనిది కూడా ఒకటుంది, అది దాచి చెప్పడం నాకిష్టం లేదు. 2008-09లో ఇంగ్లండ్ మూడో డివిజన్‌లో ఆడిన లెస్టర్ సిటీ 2016లో ఆ దేశపు ఛాంపియన్ అయింది. ఆ సీజన్ నేనూ సంతోషంగా చూశాను. కానీ మూడో డివిజన్ రోజుల్లో కూడా వారం వారం స్టేడియానికి వెళ్లినవాళ్లు ఆ రోజు ఏడ్చిన ఏడుపు నాకు రాదు, రాకూడదు కూడా. అది ఏళ్ల తరబడి ఓడిపోయి సంపాదించుకున్న ఆనందం. మనం ఎన్ని మ్యాచ్‌లు చూసినా అందులో వాటా అడగలేం. ఆ గౌరవం మనసులో ఉంటే అభిమానులతో గొడవలూ రావు. వాళ్ల జట్టు ఓడిన రాత్రి వ్యూహాల విశ్లేషణ మొదలుపెట్టకండి. వాళ్ల మధ్య కూర్చున్నప్పుడు అవతలి జట్టు గోల్ ఎంత అందంగా ఉన్నా చప్పట్లు ఆపుకోండి.

"నీ జట్టేది?" అని ఎవరైనా అడిగితే ఏదో ఒక పేరు చెప్పి తప్పించుకోకండి. జట్టు లేదని, ఈ సీజన్ ఫలానా కోచ్‌నో ఫలానా ఆటగాడినో చూస్తున్నానని చెప్పండి. ఆ వెంటనే వాళ్ల జట్టు గురించి ఏదైనా ఒక్కటి అడగండి: మీ లెఫ్ట్‌బ్యాక్ ఈమధ్య టచ్‌లైన్ (మైదానం పక్క గీత) వదిలి మధ్యలోకి ఎందుకొస్తున్నాడు? ఆ కొత్త కుర్రాణ్ణి ఎప్పుడూ అరవయ్యో నిమిషానికే మైదానంలోకి ఎందుకు దింపుతున్నారు? వారం వారం ఒకే జట్టును చూసేవాళ్లకు ఇలాంటివి మనకన్నా చాలా లోతుగా తెలుసు, అడిగితే అరగంట చెబుతారు. వాళ్ల తర్వాతి మ్యాచ్‌కు మీరు పెట్టుకోవాల్సిన ప్రశ్న ఆ అరగంటలోనే దొరుకుతుంది.